చెయ్యెత్తలేని సేనాని

పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీని ఒక్క సామ్రాజ్యంగా కూర్చిన ఒట్టో ఫాన్ బిస్మార్క్ పేరు వినగానే మనలో చాలామందికి పాఠ్యపుస్తకంలోని రక్తమూ ఉక్కూ జ్ఞాపకం వస్తాయి. మొన తేలిన శిరస్త్రాణంతో, పొడవాటి బూట్లతో, నడుమున వేలాడే కత్తితో ఉన్న ఆయన చిత్రపటాలు చూసినవారు ఈయన ఉగ్గుపాలతోనే యుద్ధవిద్య నేర్చాడని నమ్మితే అది వారి తప్పు కాదు. అయితే ఈ మహావీరుని సైనిక జీవితానికి శుభారంభం ఎలా జరిగిందో విగ్రహాల కింద చెక్కించే ఆనవాయితీ లేదు గనుక, ఆ లోటును ఇక్కడ సవినయంగా పూరిస్తున్నాము.

చదువుకుని, తిండికీ యూనిఫాంకూ సొంత డబ్బు పెట్టుకోగల కుటుంబాల కుర్రాళ్ళకు, అప్పటి జర్మన్ రాజ్యాలలో ఒకటైన ప్రష్యాలో ఒక సదుపాయం ఉండేది: వారు ఒక్క ఏడాది సైన్యంలో పనిచేస్తే సరిపోయేది. 1838లో ఆ ఏడాది ముంచుకు రాగానే, జమీందారు బిడ్డ అయిన బిస్మార్క్ బెర్లిన్‌లోని అధికారులను కలిసి, కుడి చెయ్యి పైకెత్తితే కండరాలలో బలహీనత కనిపిస్తున్నదని విన్నవించుకున్నాడు. గొటింగెన్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు తోటి విద్యార్థులతో కత్తియుద్ధాలు చేసి పేరు మోసిన చెయ్యి అది. అధికారులు రసహృదయం లేనివారు కాబట్టి నమ్మలేదు. చేసేది లేక పాట్స్‌డామ్‌లోని జేగర్ (తేలికపాటి పదాతి) దళంలో చేరినవాడు, ఏడాది తిరగకముందే గ్రైఫ్స్‌వాల్డ్‌కు మారిపోయాడు. ఆ పక్కనే ఎల్డెనాలో వ్యవసాయ పాఠాలు చెప్పేవారు. దేశరక్షణ, ఎరువుల వాడకం రెండూ ఏకకాలంలో సాగాయి.

ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. 1862లో ప్రష్యా రాజు మొదటి విల్‌హెల్మ్‌కూ పార్లమెంటుకూ పెద్ద తగాదా వచ్చింది. ఆ తగాదాలో ముఖ్యమైన అంశం, పాఠకులు దయచేసి గమనించాలి, సైనిక సేవ కాలం. సామాన్య రైతు కొడుకు రెండేళ్ళు పనిచేస్తే చాలునని సభ్యులన్నారు, మూడేళ్ళు చేసి తీరాలని రాజు పట్టుబట్టాడు. పార్లమెంటు డబ్బు ఇవ్వననగానే, రాజు తరఫున నిలబడి ఆ మూడేళ్ళను కాపాడడానికి ప్రధానమంత్రిగా పిలిపించినది సరిగ్గా మన నొప్పిచెయ్యి దొరగారినే. సెప్టెంబర్ 30న బడ్జెట్ కమిటీ ముందు నిలబడి, కాలం విసిరే పెద్ద ప్రశ్నలు ఉపన్యాసాలతోనూ మెజారిటీ తీర్మానాలతోనూ తేలవని, ఇనుముతోనూ రక్తంతోనూ తేలుతాయని ఆయన సెలవిచ్చాడు. ఎవరి రక్తమన్నది వివరించలేదు. కమిటీలో అంత చొరవగా అడిగినవారూ లేనట్టుంది.

బడ్జెట్ ఆమోదం పొందకపోతే ఏమి చేయాలో రాజ్యాంగంలో రాసి లేదు. సామాన్యులకు ఇది చిక్కుముడి, ఆయనకు ఇది తెరిచిన తలుపు. రాజ్యాంగంలో ఖాళీ ఉంటే ఆ ఖాళీని రాజు ఇష్టం పూరిస్తుందని తేల్చి, నాలుగేళ్ళపాటు పన్నులు వసూలు చేస్తూ సైన్యానికి ఖర్చుపెట్టాడు. 1866 జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆ సైన్యం చేతిలో ఆస్ట్రియా ఓడిపోయింది. గెలుపు వాసన తగలగానే పార్లమెంటుకు చట్టబద్ధత మీద ఉన్న పట్టింపు చల్లారి, సెప్టెంబర్‌లో 230 మంది అవునని, 75 మంది కాదని ఓటు వేసి, ఆ నాలుగేళ్ళ ఖర్చునూ వెనక తేదీతో క్షమించేశారు. యుద్ధరంగంలో మేజర్ దుస్తులతో రాజు పక్కన గుర్రమెక్కి నిలబడిన బిస్మార్క్, నడిమి మెట్లు తొక్కకుండానే మేజర్ జనరల్ అయ్యాడు.

1870లో ఫ్రాన్స్ మీద యుద్ధానికి కూడా ఆయన యూనిఫాంలోనే వెళ్ళాడు. కాని అసలు సైనికాధికారులు ఆయనను తమ సమాలోచనలకు రానివ్వలేదు; ఆయన వారిని అర్ధదేవతలని ఎద్దేవా చేసి ఊరుకున్నాడు. మార్స్-లా-తూర్ దగ్గర గుర్రాల దాడిలో పాల్గొన్నది ఆయన కొడుకులు. పెద్దవాడు హెర్బర్ట్ తొడకు తూటా తగిలింది. ఇక్కడ మాత్రం వ్యంగ్యానికి చోటు లేదు, ముందుకు సాగుదాం.

1871 జనవరి 18న వెర్సాయ్‌లో జర్మన్ సామ్రాజ్య ప్రకటన జరిగినప్పుడు ఆయన ధరించినది నీలం కోటు. ఆయన డెబ్బయ్యవ పుట్టినరోజుకు, 1885లో, చిత్రకారుడు ఆంటన్ ఫాన్ వెర్నర్ ఆ దృశ్యాన్ని మళ్ళీ గీసినప్పుడు ఆ కోటు ధవళకాంతులతో తెల్లబడింది. అంతేకాదు, 1884లో ఇచ్చిన పూర్ ల మెరిత్ అనే ప్రష్యా గౌరవ పతకం పదమూడేళ్ళు వెనక్కి నడిచి వచ్చి ఆయన మెడలో చేరింది. ఖర్చుకు వెనక తేదీ వేయగలిగినప్పుడు పతకానికి వేయకూడదని ఏ రాజ్యాంగంలోనూ లేదు కదా.

1890లో కొత్త చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ ఆయనను ఇంటికి పంపుతూ ఫీల్డ్ మార్షల్‌తో సమానమైన హోదానూ, లావెన్‌బర్గ్ డ్యూక్ బిరుదునూ చేతిలో పెట్టాడు. ఎవరికీ తెలియకుండా ప్రయాణం చేయవలసి వస్తే ఆ పేరు పనికొస్తుందని ఆయన అన్నాడు. 1895లో ఎనభై ఏళ్ళు నిండగా చక్రవర్తి స్వయంగా సైన్యంతో ఆయన నివాసమైన ఫ్రీడ్రిక్స్‌రూకు వచ్చి గౌరవ ఖడ్గం బహూకరించాడు, యూనిఫాంలో సిద్ధంగా ఉన్న వృద్ధుడు దానిని అందుకున్నాడు. జర్మన్ పార్లమెంటు మాత్రం ఆ పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పాలా వద్దా అని ఓటింగ్ జరిపి, 146 మంది చెప్పాలంటే 163 మంది వద్దన్నందున, పైసా ఖర్చులేని ఆ ఒక్క పద్దునూ కొట్టేసింది. బడ్జెట్ లేకుండా నాలుగేళ్ళు రాజ్యం నడిపిన మనిషికి శుభాకాంక్షలు లేకుండా ఒక పుట్టినరోజు నడపడం కష్టం కాలేదు.