సర్టిఫికెట్లు సరే, పిల్లల్ని మాట్లాడించేదెవరు?

వేసవి సెలవులు అయిపోవస్తుంటే టీచర్లకు శిక్షణ, ఆ శిక్షణలో ఓ పూట 'డిజిటల్ టూల్స్'. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది మామూలైపోయింది. శిక్షణ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారు స్లైడ్లు తిప్పుతుంటారు. లెక్కలు, సైన్సు వాళ్లు ముందు వరసల్లో ఏదో రాసుకుంటుంటారు. తెలుగు సార్లూ మేడమ్‌లూ వెనక బెంచీల్లో "ఇవన్నీ మనకెందుకులెండి" అనుకుంటుంటారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది. కోర్సులో చేరాలి, వీడియోలు చూడాలి, క్విజ్ రాయాలి, సర్టిఫికెట్ దింపుకోవాలి. గడువు దగ్గర పడేసరికి పూర్తిచేయని వాళ్ల పేర్లతో ఎక్సెల్ షీటు తిరుగుతుంది. ఇక టెన్షన్. ఫోన్ టేబుల్ మీద పెట్టి, వీడియోని దాని మానాన దాన్ని నడవనిచ్చి, పక్కన జవాబు పత్రాలు దిద్దుకునే వాళ్లు ఎంతమంది లేరు! వాళ్లను నేను తప్పుపట్టను. రోజంతా బడిలో అరిచి వచ్చినవాళ్లు అంతకంటే ఏం చేస్తారు?

తెలుగు టీచర్లకు టెక్నాలజీ అంటే పడదని ఒక మాట ప్రచారంలో ఉంది. అబద్ధం. పద్యాలు పాడి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లూ, అవధానాలు లైవ్‌లో చూసి కామెంట్లలోనే పూరణలు రాసేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు. లోపం నేర్పే తీరులో ఉంది. ఏ బటన్ నొక్కితే ఏమొస్తుందో చెప్పి పంపేస్తున్నారు. ఆ పనిముట్టుతో తోటి టీచరుతో పది నిమిషాలు మాట్లాడే అవకాశం మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు. భాష చెప్పేవాళ్లకు అసలు కావలసింది అదే.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచి దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. 2003లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికన్ కంపెనీ 'సెకండ్ లైఫ్' అనే వర్చువల్ ప్రపంచాన్ని తెరిచింది. చూడ్డానికి ఆటలాగే ఉంటుంది, గెలుపోటములు మాత్రం ఉండవు. మనకో అవతార్, అంటే మన తరఫున తిరిగే బొమ్మ, ఉంటుంది. అది నడుస్తుంది, ఎగురుతుంది, ఇల్లు కట్టుకుంటుంది, ఎదురైన అవతార్‌ని పలకరిస్తుంది. భాషలు నేర్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కొన్నేళ్లలోనే గుంపులు గుంపులుగా అక్కడికి చేరారు. స్పానిష్ భాషను ప్రపంచమంతా వ్యాపింపజేసే ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ 2007లో అక్కడ ఒక ద్వీపం, అంటే ఆ లోకంలో తన సొంత స్థలం, తెరిచింది. బ్రిటిష్ కౌన్సిల్ టీనేజీ పిల్లల కోసం ఇంకో ద్వీపం పెట్టింది. ఇలాంటి లోకంలో భాష ఎలా నేర్పాలో టీచర్లకు తర్ఫీదు ఇవ్వడానికి యూరోపియన్ యూనియన్ డబ్బుతో అవలాన్ అనే ప్రాజెక్టు కూడా నడిచింది.

మరి ఆ టీచర్లు మొదట కట్టిందేమిటి? తరగతి గది! బెంచీలు, నల్లబల్ల, ఎదురుగా స్లైడ్ల తెర. గాల్లో ఎగరగలిగే అవతార్‌లను తీసుకొచ్చి వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. కొత్త లోకం దొరికినా పాత అలవాటే ముందు నడుస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మన బడుల్లో గోడకు బిగించిన పెద్ద టచ్ ప్యానెళ్ల మీద పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి చదివించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

మెల్లగా కొందరు ఆ గదిలోంచి బయటికొచ్చారు. విద్యార్థులను సంతకు తీసుకెళ్లారు, దారి తప్పించారు, దారి అడగమన్నారు. అక్కడ ఒక విశేషం బయటపడింది. ఎదురుగా నిలబెడితే నోరు పెగలని వాళ్లు అవతార్ వెనక నిలబడి ధారాళంగా మాట్లాడుతున్నారు. తప్పు మాట్లాడితే సిగ్గుపడాల్సింది ఆ బొమ్మ కదా! ఇంకో చిన్న సంగతి నాకు మరీ నచ్చుతుంది. 2007లో వాయిస్ రాకముందు అక్కడ అంతా టైపింగే. ఎవరైనా టైప్ చేస్తుంటే వాళ్ల అవతార్ గాల్లోనే కీబోర్డు కొడుతున్నట్టు రెండు చేతులూ ఆడించేది. అంటే ఈ మనిషి ఏదో చెప్పబోతున్నాడు, కాస్త ఆగండి అని పక్కవాళ్లకు తెలిసేది. ఆగేవాళ్లు. మన తరగతుల్లో వాక్యం కోసం వెతుక్కుంటున్న పిల్లాడికి ఆ పాటి వ్యవధి ఎవరిస్తున్నారు? "ఊఁ, నువ్వు కూర్చో, తర్వాతి వాళ్లు చెప్పండి" అనడానికి మనకు రెండు క్షణాలు చాలు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. 2010లో ఆ కంపెనీ విద్యాసంస్థలకు ఇస్తున్న సగం ధర రాయితీ ఎత్తేస్తున్నామని ప్రకటించింది. టీనేజీ పిల్లల విభాగం మూతపడింది. విశ్వవిద్యాలయాలు ద్వీపాలు ఖాళీ చేసుకుని పోయాయి. రాయితీ 2013లో తిరిగి ఇచ్చినా పోయినవాళ్లు ఎందుకొస్తారు? అది మొదటి దెబ్బ మాత్రమే. పిల్లల్ని తరగతిలోంచే వర్చువల్ యాత్రలకు తీసుకెళ్లే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో పోయింది. టీచర్లు ఏళ్ల తరబడి పాఠాలు దాచుకున్న ఎడ్మోడో 2022లో పోయింది. ఫేస్‌బుక్ కంపెనీ పేరు మార్చుకుని మరీ మెటావర్స్ (వర్చువల్ లోకాల) భజన మొదలుపెట్టిన రెండేళ్లలోపే మైక్రోసాఫ్ట్ తన వర్చువల్ లోకం ఆల్ట్‌స్పేస్ వీఆర్‌ను ఆపేసింది. గూగుల్ వాళ్ల డిజిటల్ నల్లబల్ల జామ్‌బోర్డ్ కథ 2024 చివర ముగిసింది. ప్రతిదాని మీదా ఎక్కడో ఒకచోట టీచర్లకు శిక్షణ జరిగింది, సర్టిఫికెట్లు పంచారు. ఆ సర్టిఫికెట్లు ఇప్పుడు ఎందుకు పనికొస్తాయో ఇచ్చినవాళ్లే చెప్పాలి.

ఇంత నష్టంలోనూ నిలిచింది ఒకటుంది. ఇంగ్లిష్ నేర్పే టీచర్ల ప్రపంచ సంఘం టీసాల్‌కు అనుబంధంగా 2001 నుంచి 'ఎలక్ట్రానిక్ విలేజ్ ఆన్‌లైన్' అని టీచర్లకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఇచ్చే ఒక వ్యవస్థ నడుస్తోంది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఐదు వారాల పాటు సాగుతుంది. ఫీజు లేదు. నడిపేవాళ్లకు జీతమూ లేదు, వాళ్లూ టీచర్లే. అందులోంచే వెబ్‌హెడ్స్ ఇన్ యాక్షన్ అనే బృందం పుట్టింది. వీళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం, గ్రీన్‌విచ్ లెక్కన, ట్యాప్డ్ ఇన్ అనే వర్చువల్ ప్రాంగణంలో కలిసేవాళ్లు. ఆ ప్రాంగణం 2013లో మూతపడింది. వీళ్లు మాత్రం మూతపడలేదు, మూటాముల్లె సర్దుకుని ఇంకోచోటికి వెళ్లారు. 2015లో మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి దిగారు. అప్పటికి వాళ్లలో చాలామందికి ఆ ఆటలో ఓనమాలు తెలియవు. ఆ ఆటలో చీకటి పడితే జాంబీలు వస్తాయి, ఈలోగా తలదాచుకోవడానికి గూడు కట్టుకోవాలి, దానికి తలుపు కావాలి, తలుపుకు ఆరు చెక్క పలకలు కావాలి. జుట్టు నెరిసిన టీచర్లు ఒకరినొకరు "చెక్క ఎక్కడ దొరుకుతుంది, తలుపు ఎలా చేయాలి" అని అడుక్కుంటూ నేర్చుకున్నారు. అడగడం, చెప్పడం, అర్థం కాకపోతే మళ్లీ అడగడం. భాషా పాఠం అంటే అదే. టీచర్లు మళ్లీ కాసేపు విద్యార్థులైతే తప్ప అది అనుభవంలోకి రాదు.

ఇది చదివి, టీచర్ల శిక్షణ చూసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీలో పనిచేసిన వాళ్లు ఏమంటారో ఊహించగలను. "అవి ఉత్సాహం ఉన్న నలుగురి కబుర్లు. మాకు వేలమంది టీచర్లున్నారు. కేంద్రం పెట్టిన టీచర్ల శిక్షణ 'నిష్ఠ' కార్యక్రమం దేశం మొత్తం మీద 42 లక్షల మందికి అనుకున్నది. అంతమందికి ఒకే ప్లాట్‌ఫామ్, ఒకే కోర్సు కాక ఇంకేం చేయగలం?" న్యాయమైన ప్రశ్నే. డిజిటల్ పాఠాలుండే దీక్షా పోర్టల్ వల్ల ఒరిగిందేమీ లేదని కూడా నేను అనను. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం తెరుచుకోవడం మంచి సౌకర్యమే. కానీ కొత్త వ్యవస్థ కట్టమని ఎవరూ అడగడం లేదు. చుట్టుపక్కల బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఉన్నాయి కదా! ఒక కాంప్లెక్స్ కింది తెలుగు టీచర్లంతా ఒకచోట కూర్చునే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అక్కడ జరిగేదేమిటి? సర్క్యులర్లు చదవడం, ఎజెండా రిజిస్టర్లో సంతకాలు, ఫొటో, అప్‌లోడ్. ఆ రెండు గంటలూ టీచర్లకే వదిలేస్తే ఎలక్ట్రానిక్ విలేజ్ మన మండలంలోనే ఉంటుంది.

ఫొటో అన్నాను కాబట్టి ఇంకో మాట. మన టీచరుకు స్క్రీన్ అంటే చిరాకు ఎందుకొచ్చిందో ఒప్పుకోవాలి. పాఠానికి పనికొచ్చే వస్తువుగా ఆయనకు ఫోన్ పరిచయం కాలేదు. ముఖం చూపించి హాజరు వేయించుకునే యంత్రంగా పరిచయమైంది. మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కించేది అదే. ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే తీసి యాప్‌లో పెట్టారు. పొద్దున్నే బాత్రూమ్ ఫొటో తీయించిన చేతికే మధ్యాహ్నం అదే ఫోన్ ఇచ్చి, దీంతో సృజనాత్మకంగా పాఠం చెప్పమంటే ఎవరికైనా మనసొప్పుతుందా?

ఇక అసలు అవసరం ఎక్కడుందో చూద్దాం. తెలంగాణ 2018లో చట్టం చేసి బడులన్నింటిలో తెలుగు తప్పనిసరి అంది. హైదరాబాద్ సీబీఎస్ఈ బడుల్లో ఇంట్లో హిందీ, ఉర్దూ, మార్వాడీ, తమిళం మాట్లాడే పిల్లలు తెలుగు తరగతిలో కూర్చుంటున్నారు. వాళ్లకోసం సరళ తెలుగు పుస్తకమూ వచ్చింది. పుస్తకం సరే, చెప్పేవాళ్ల సంగతి? మన తెలుగు పండితుల చదువంతా ఇంట్లో తెలుగు వచ్చిన పిల్లాడికి ఛందస్సు, వ్యాకరణం చెప్పడానికి తయారైంది. తెలుగు రాని పిల్లకు "నాకు దాహంగా ఉంది" అనడం ఎలా నేర్పాలో బీఎడ్‌లో ఎవరూ గట్టిగా చెప్పరు.

ఆ పని తెలిసినవాళ్లు ప్రపంచంలో లేరా అంటే ఉన్నారు, మన బంధువులే. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలోనూ, విదేశాల్లో తెలుగు సంఘాలు నడిపే తరగతుల్లోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గృహిణులు వారాంతాల్లో తెలుగు చెబుతున్నారు. ఇంగ్లిష్‌లో ఆలోచించే పిల్లలకు తెలుగు ఎలా ఎక్కించాలో వాళ్లు చెప్పి చెప్పి నేర్చుకున్నారు. జూమ్‌లో ఎనిమిదేళ్ల పిల్లాణ్ని కదలకుండా కూర్చోబెట్టే విద్య కూడా కరోనా పుణ్యమా అని వంటబట్టింది. అయితే వాళ్లకు వ్యాకరణంలో సందేహం వస్తే తీర్చే దిక్కుండదు. ఇక్కడి పండితుడికి వ్యాకరణం కొట్టినపిండి, అక్కడి కిటుకులు తెలియవు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే పని రెండు ప్రభుత్వాల్లో ఎవరూ తలకెత్తుకోలేదు.

పిల్లలనూ కలపవచ్చు. డల్లాస్‌లో రాత్రయితే మనకు తెల్లవారుతుంది, లైవ్ తరగతి కుదరదు అంటారేమో. లైవ్ ఎందుకు? వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. సూర్యాపేటలో ఏడో తరగతి పిల్ల టీచరు ఫోన్‌లో తన ఊరి బతుకమ్మ గురించి నిమిషం మాట్లాడి పంపుతుంది. అక్కడి పిల్లాడు విని, అర్థంకాని చోట "తంగేడు అంటే ఏంటి?" అని తన వచ్చీరాని తెలుగులో అడుగుతాడు. ఈ పిల్ల పువ్వు చేత్తో పట్టుకుని వర్ణించి చెప్పాలి. మొట్టమొదటిసారి ఆమె తెలుగు వినడానికి తెలుసుకోవాలనే కోరికతో ఒక మనిషి దొరికాడు. టీచరు మార్కుల కోసం వినడం వేరు, ఇది వేరు. వీఆర్ హెడ్‌సెట్ల టెండర్లు పిలవకుండానే ఇది రేపే మొదలుపెట్టవచ్చు.

నా అసలు బాధ ఇక్కడే ఉంది, దాచుకోవడం ఎందుకు? మన తెలుగు తరగతి మూగది. పదో తరగతి పబ్లిక్ తెలుగు పరీక్షలో పిల్లాడు నోరు తెరవాల్సిన పని లేదు. ప్రతిపదార్థాలు రాస్తాడు, లేఖ రాస్తాడు, వ్యాసం గైడులోంచి బట్టీ పట్టి దించుతాడు. ఇప్పుడు గైడు బదులు చాట్‌జీపీటీ వచ్చింది, అంతే తేడా. దానిమీద గగ్గోలు పెట్టేవాళ్లు గైడుల మీద ఎన్నేళ్లు నోరు మూసుకున్నారో గుర్తు చేసుకోవాలి. శ్రీకాకుళం పిల్లాడి యాస ఆదిలాబాద్ పిల్లాడు సినిమాలో కమెడియన్ నోట తప్ప వినడు. వీడి మాట వాడికీ అంతే. పాఠంలో వచ్చేది ఎక్కడా ఎవరూ మాట్లాడని మధ్యస్థ భాష. మాటకు చోటులేని తరగతిలో మాట్లాడించే పనిముట్లు పెట్టి ఏం ప్రయోజనం? టచ్ ప్యానెల్ ఆ తరగతిలో మరో నల్లబల్లే అవుతుంది, అయింది కూడా.

ఇలా ఎందుకు జరుగుతుందో కనుక్కోవడం కష్టం కాదు. బడి దేనికి మార్కులిస్తే టీచరు దాన్నే చెబుతారు. టీచరు చెప్పేదానికి పనికిరాని శిక్షణ ఎంత గొప్పదైనా గుమ్మం దాటదు. పదో తరగతి తెలుగులో 20 మార్కులు మాట్లాడడానికి కేటాయించి చూడండి: పిల్ల తన ఊరి గురించి రెండు నిమిషాలు చెప్పాలి, ఎగ్జామినర్ అడిగినదానికి జవాబివ్వాలి. యాస దిద్దకూడదు, మార్కులు కోయకూడదు. అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తారని భయమైతే రికార్డు చేసి పక్క మండలం టీచరుతో దిద్దించవచ్చు. ఆ ఏడాది జూన్‌లోనే ఫోన్‌లో రికార్డింగ్ ఎలా చేయాలి, అరవైమంది పిల్లల గొంతులు ఎక్కడ దాచాలి, సిగ్గరి పిల్లాణ్ని ఎలా మాట్లాడించాలి అని కాంప్లెక్స్ మీటింగులో టీచర్లే ఒకరినొకరు అడుగుతారు. ఆర్పీ గారు స్లైడ్లు తెచ్చుకోనక్కర్లేదు. ఎక్సెల్ షీటూ అక్కర్లేదు.