పలుగు కన్నా ముందు కెమెరా

పాతబస్తీ మెట్రో కోసం దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్‌ల మీదుగా చాంద్రాయణగుట్ట దాకా రోడ్డును వెడల్పు చేస్తున్నారు. మహాత్మాగాంధీ బస్‌ స్టేషన్‌ నుంచి లెక్కిస్తే మొత్తం ఏడున్నర కిలోమీటర్ల దారి. పరిహారం పుచ్చుకున్నవారి ఇళ్లు, దుకాణాల కూల్చివేత 2025 జనవరిలోనే మొదలైంది. నగరంలో తొలి మెట్రో రైలు నడిచిన 2017 నుంచీ ఎదురుచూస్తున్న పాతబస్తీకి ఆ సౌకర్యం దక్కాల్సిందే. దానిపై మాకు రెండో మాట లేదు. చారిత్రక కట్టడాలకు, ప్రార్థనా స్థలాలకు నష్టం కలగనివ్వబోమని అధికారులు హామీ ఇస్తున్నారు. సంతోషమే. అయితే ఏ వారసత్వ జాబితాకూ ఎక్కని మామూలు మేడలు, వాటి కింద మూడు తరాలుగా నడుస్తున్న, వెండి రేకులు కొట్టే వరఖు దుకాణాలు, అత్తరు కొట్లు, చాయ్‌ హోటళ్ల సంగతేమిటి? వాటిని నిలబెట్టలేకపోవచ్చు. అవి ఎలా ఉండేవో రాబోయే తరాలకు చూపించడం మాత్రం ప్రభుత్వం చేతిలో ఉన్న పనే. కూల్చే ప్రతి కట్టడాన్నీ, ప్రతి వీధినీ ముందుగా ఫొటోలు తీసి ప్రజల ఆస్తిగా భద్రపరచడాన్ని ప్రాజెక్టు నిబంధనల్లోనే చేర్చాలని మేము కోరుతున్నాం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 19వ శతాబ్దంలో పారిస్‌ పాత గల్లీలను తొలగించి విశాలమైన రహదారులు వేయించినప్పుడు, కూలబోయే వీధులను ఒక్కొక్కటిగా ఫొటో తీయడానికి ఆ నగర యంత్రాంగం చార్లెస్‌ మార్విల్‌ అనే ఛాయాగ్రాహకుణ్ని నియమించింది. 400కు పైగా వీధుల దృశ్యాలను ఆయన నమోదు చేశాడు. అక్కడితో ఆగకుండా, కొత్తగా నిలిపిన దీపస్తంభాలను, చివరికి వీధి మూత్రశాలలను సైతం వదలకుండా ఫొటోలు తీశాడు. అప్పటి పద్ధతిలో గాజు పలకపై బొమ్మ పడటానికి క్షణాల తరబడి కాంతి కావాలి కాబట్టి, నడిచిపోయే మనుషులు ఆ ఫొటోల్లో చాలావరకు కనిపించరు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో 1866 నాటి అభివృద్ధి చట్టం కింద మురికివాడలను తొలగించే ముందు థామస్‌ అన్నన్‌ తీసిన ఫొటోల్లో మాత్రం మనుషులున్నారు. ఇరుకు సందుల్లో తలల మీద ఆరేసిన బట్టలు, గుమ్మాల్లో నిలబడి కెమెరా వైపు చూస్తున్న పిల్లలు, కదిలిపోయి మసకబారిన ముఖాలు వాటిలో కనిపిస్తాయి. ఆ రెండు నగరాల పాలకులకూ పాత వీధుల మీద ప్రత్యేకమైన మమకారం ఉందనుకోనక్కరలేదు. ఆ వీధులను పడగొట్టించినవారూ వారే.

హైదరాబాద్‌కు ఛాయాచిత్రాల సంపద తక్కువేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్‌ అలీ ఖాన్‌ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్‌ 1905లో మరణించేవరకు ఈ నగరాన్ని ఎంత శ్రద్ధగా చిత్రించారో ఫలక్‌నుమా, చౌమహల్లా, చార్మినార్‌ ఫొటోలు చెబుతాయి. కాకపోతే ఆ కెమెరాకు జీతం ఇచ్చింది దర్బారు. అందువల్ల దర్బారులు, విందులు, వేటలు, సైనిక కవాతులే అందులో ఎక్కువ. సామాన్యుడి వీధి ఎక్కడో మూలన, చార్మినార్‌ ముందు నుంచి పోతున్న బండి పక్కన కనిపిస్తుంది. దీన్‌దయాళ్‌ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రంలో ఉన్నాయి. హైదరాబాద్‌ విద్యార్థి తన ఊరి బొమ్మ చూసుకోవడానికి ఢిల్లీ వైపు చూడాల్సి రావడం మనకు గర్వకారణమేమీ కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక తెగిన వంతెనలను, నేలమట్టమైన ఇళ్లను ఫొటోలు తీశారు. ఉపద్రవం వచ్చినప్పుడు కెమెరాలు రావడం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. ఆ తర్వాత 1912లో ఏర్పడి ఆరాయిష్‌ బల్దియాగా పేరొందిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి పత్తర్‌గట్టి వంటి వీధులను తీర్చిదిద్దింది. కట్టిన ఆర్చీల ఫొటోలు మనకు సులువుగానే దొరుకుతాయి. వాటికోసం చెరిపేసిన గల్లీల ఫొటోలు అంత సులువుగా దొరకవు.

ఈసారి ఆ లోటు రాకుండా చూడటానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పరిహారం లెక్కగట్టేందుకు ఇంటింటికీ కొలతలు తీసే సిబ్బంది ఎలాగూ వెళ్తున్నారు. వారి వెంట శిక్షణ ఉన్న ఒక ఛాయాగ్రాహకుణ్ని పంపి, వీధి వైపు ముఖభాగం, లోపలి వాకిలి, మెట్లు, చెక్కపని, దుకాణంలో పని జరుగుతున్న తీరు ఒక క్రమంలో తీయిస్తే చాలు. ఇంటి నంబరు, వీధి పేరు, తేదీ, అక్కడ జరిగే వృత్తి ఏమిటన్నవి ఫొటోతోపాటే రాసి ఉంచాలి. ఊరూ పేరూ లేని ఫొటో యాభై ఏళ్ల తర్వాత అలంకారానికి తప్ప ఎందుకూ కొరగాదు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా అనేవారు గమనించాల్సింది ఇదే. వాట్సాప్‌లో మామూలుగా పంపుకునే ఫొటోలో స్పష్టత తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న సమాచారమూ చెరిగిపోతుంది.

ఇళ్లలోపల ఫొటోలు తీయడమంటే ఆ కుటుంబాల ఏకాంతంలోకి అడుగుపెట్టడమే. కాబట్టి రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. పాతబస్తీలో స్త్రీలున్న వాకిళ్లలోకి మహిళా ఛాయాగ్రాహకులనే పంపాలి. ఈ విషయంలో మనకు పాఠం పరాయి దేశం నుంచి అక్కర్లేదు: పరదా పాటించే స్త్రీల కోసం దీన్‌దయాళ్‌ 1892లోనే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి దాన్ని ఒక ఇంగ్లిష్‌ మహిళకు అప్పగించారు.

కొత్తగా తీసేవాటితోపాటు ఇప్పటికే ఉన్నవాటిని సేకరించడమూ అవసరమే. మూతపడిన స్టూడియోల అటకలమీద, పత్రికా కార్యాలయాల బీరువాల్లో ఉన్న ఫిల్మ్‌ నెగెటివ్‌లు మన ఉక్కపోతకు బూజు పడతాయి. అసిటేట్‌ ఫిల్మ్‌ అయితే వెనిగర్‌ వాసనతో వంకర్లు తిరిగి పాడైపోతుంది. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారం చల్లని గది ఒకటి కేటాయించి, స్కాన్‌ చేసి అసలు నెగెటివ్‌లను తిరిగిచ్చేస్తామని ప్రకటిస్తే ఇవ్వడానికి ముందుకొచ్చేవారుంటారు. కాపీరైటు చిక్కు ఉంది. 2012 సవరణ తర్వాత ఫొటోపై హక్కు తీసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది కనుక, స్వీకరించేటప్పుడే ప్రజలు ఉచితంగా చూసుకునేలా ఒప్పందం రాయించుకోవాలి.

మూసీ తీరంలోని చాదర్‌ఘాట్‌, మూసానగర్‌, శంకర్‌నగర్‌ ఇళ్లపై, మూసీ అభివృద్ధి పనుల కోసం కూల్చేందుకు, 2024లో ఎర్రరంగు గుర్తులు వేశారు. అక్కడివారి పునరావాసంపై మా అభిప్రాయాలు వేరే చెప్పాం, ఇకపైనా చెబుతాం. ఫొటోల విషయంలో మాత్రం మెట్రో దారికి వర్తించాల్సిన షరతే నదీతీరానికీ వర్తించాలి. మూసీ పనుల టెండర్లు పిలిచేటప్పుడే కూల్చివేత గుత్తేదారుకు యంత్రం దించే అనుమతిని, ఫొటోలు అందాయని భాండాగారం ఇచ్చే రసీదుతో ముడిపెట్టాలి.