కొలవకుండా కోసేస్తారా?

శనివారం అర్ధరాత్రి హైదరాబాద్ నగరం నడిబొడ్డున ఏం జరిగిందో పాఠకులకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. నిజాం కాలంనాటి ఇనుప గోదాము తెల్లారేసరికి తుక్కు కుప్ప అయింది. గ్యాస్ కట్టర్లు వచ్చాయి. లారీలు వచ్చాయి. కాంటా చీటీ కూడా వచ్చింది. రానిదల్లా ఆ ఇనుము పనికిరాకుండా పోయిందని తేల్చే పరీక్ష నివేదిక. సంబంధిత శాఖ ఫైలులో ఉన్నవి రెండే మాటలు: ‘కాలం చెల్లింది’. ఆ శాఖ పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఒక్క శాఖకే పట్టిన జబ్బయితే రాసి ఉండేవాళ్ళం.

ఎవరు కొలిచారు? ఏ రివెట్టు (పలకలను కలిపి బిగించే ఇనుప మేకు) వదులైంది? ఏ పలక ఎంత పలచబడింది? ఈ ప్రశ్నలు వేస్తే అధికారులు గోదాము వయసు చెబుతున్నారు. మనిషి చనిపోయాడని నిర్ధారించడానికి పుట్టినతేదీ చూసే వైద్యుడు ఎక్కడైనా ఉంటాడా? నాడి పట్టుకుని చూడాలి కదా. ఇనుముకూ నాడి ఉంటుంది, చూసే పద్ధతీ ఉంది. ఆ పద్ధతికి కావాల్సింది ఒక చిన్న సుత్తి, ఒక వేలు, ఒక పూట తీరిక. ఆ పూట తీరిక దొరకనివారికి రాత్రంతా కట్టర్లు పెట్టి కోయించే తీరిక మాత్రం దొరికింది.

పాత కట్టడం కూలి ప్రాణాలు పోతే బాధ్యులెవరని అధికారులు ఎదురు ప్రశ్నిస్తున్నారు. న్యాయమైన ప్రశ్నే, కాదనం. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో పాత తీగల వంతెన తెగి 135 మంది ప్రాణాలు కోల్పోయారు. కానీ ఆ ఉదంతం చెబుతున్నదేమిటి? ఒక ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 పోగులను అప్పటికే తుప్పు తినేసిందని దర్యాప్తు బృందమే తేల్చింది. వాటిని మార్చకుండా, కొత్త నేల పరిచి, జనాన్ని వదిలారు. అక్కడా కొలవలేదు. కొలవకుండా జనాన్ని ఎక్కించడం ఎంత నేరమో, కొలవకుండా కోసేయడమూ అదే బద్ధకం నుంచి పుట్టిన పని. మోర్బీ పేరు చెప్పి తప్పించుకోవాలనుకునేవారు ముందు ఆ నివేదిక చదవాలి.

కోసి పారేసినదేమిటో కూడా తెలియని స్థితిలో ఉన్నాం కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రివెట్టు అంటే బోల్టుకు పేదచుట్టం కాదు. నలుగురు కలిసి చేస్తే తప్ప బిగియని పని అది. ఒకడు చేతికొలిమిలో రివెట్టును నారింజ రంగు దాకా కాల్చి, పటకారుతో విసురుతాడు. ఇంకొకడు రేకు డబ్బాతో దాన్ని గాలిలోనే పట్టి బెజ్జంలో దూరుస్తాడు. మూడోవాడు తల ఉన్న వైపు బరువైన కడ్డీ ఆనించి ఒళ్ళంతా వేసి అదిమిపడతాడు. నాలుగోవాడు అవతలి కొస మీద సమ్మెట ఎత్తుతాడు. మెత్తబడ్డ ఇనుము ముందు బెజ్జాన్ని నిండా పూడ్చి, ఆపైన గొడుగులా విచ్చుకుని రెండో తల అవుతుంది. ఇదంతా రివెట్టు ఎరుపు తగ్గేలోపు జరిగిపోవాలి. ఆలస్యమైతే తీసి పారేయాల్సిందే.

అసలు పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. చల్లారే కొద్దీ రివెట్టు కుంచించుకుపోతుంది. రెండు తలలూ ఒకదానివైపు ఒకటి లాక్కుంటాయి. నడుమ ఉన్న పలకలను ఉడుంపట్టు పడతాయి. పలకల మధ్య పుట్టే ఆ ఒరిపిడి కూడా బరువు మోస్తుంది. ఇలాంటివి పారిస్‌లోని ఈఫిల్ టవర్‌లో 25 లక్షలున్నాయి. స్కాట్లాండ్‌లో 1890లో తెరిచిన ఫోర్త్ రైలు వంతెనలో 65 లక్షలున్నాయి. ఒక్కోటీ ఒక మనిషి చేతి కింద చల్లారినదే.

ఇంకో గుణం గురించి ఇంజనీర్లు చెబుతారు, ఫైలు మీద సంతకం పెట్టేవారు వినరు. రివెట్ల దూలం ఒకే ముక్క కాదు. పలకలు, యాంగిళ్ళు (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలు) పొరలు పొరలుగా పేర్చి కట్టినది. ఒక పలకలో బీట పుడితే అది ఆ పలక అంచు దాకా పోయి ఆగుతుంది. పక్క పలక భారాన్ని అందుకుంటుంది. ఈలోగా తనిఖీ చేసేవాడి కంటపడే వ్యవధి ఉంటుంది. వెల్డింగుతో ఏకఖండంగా అతికిన ఉక్కులో బీటకు ఆ అడ్డుగోడ లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెల్డింగుతో హడావుడిగా కట్టిన లిబర్టీ ఓడల్లో కొన్ని రెండు ముక్కలయ్యాయి. ఆ తర్వాత బీటలు పాకకుండా ఆ ఓడలకు వేసినవేమిటనుకున్నారు? రివెట్లు కొట్టిన పట్టీలు! వెల్డింగును తక్కువ చేయడం ఉద్దేశం కాదు. నేటి వంతెనలు దానితోనే నడుస్తున్నాయి. పాతదైనంత మాత్రాన పనికిమాలినది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

మా విలేకరులు ఆదివారం పొద్దున ఆ తుక్కు కుప్ప దగ్గరకు వెళ్ళారు. కోసిన స్తంభం పాదం ఒకటి పక్కకు దొర్లి ఉంది. నాలుగు పలకల మందం. కట్టర్ వేడికి ఒక వైపు రివెట్ల తలలు ఎగిరిపోయి పలకలు పుస్తకంలా విచ్చుకున్నాయి. పైకి నల్లగా, చెదలు పట్టినట్టు పెళ్ళలు రాలుతున్న ఆ ఇనుము లోపల, పలకకూ పలకకూ నడుమ, సీసపు సింధూరం ఇంకా ఎర్రగా ఉంది. బిగించే ముందు లోపలి ముఖాలకు పూసే పూత అది. వందేళ్ళుగా వెలుగు సోకలేదు, నీరూ సోకలేదు. వేలితో గీస్తే గోటికి ఎరుపు అంటింది. లోపలంతా తుప్పు తినేసిందని శాఖ చెబుతున్న స్తంభం ఇదే. ఎవరు కొలిచారు?

ఇనుము అమరమని ఎవరూ అనడం లేదు. ఢిల్లీ ఇనుప స్తంభం కథ చెప్పి మురిసిపోయే అలవాటు ఈ పత్రికకు లేదు. రివెట్ల ఇనుముకు తుప్పే యముడు. వాన గొట్టం పగిలి నీరు పలకల సందులోకి దిగితే లోపల తుప్పు పొంగుతుంది. అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పలకలను విడదీస్తుంది. పావురాల రెట్ట, సందుల్లో మొలిచిన రావి మొక్క, పదేళ్ళు పూయని రంగు, ఇవన్నీ కలిసి చేసే పని అది. కోల్‌కతాలో 1943 నుంచి నిలిచిన హౌరా వంతెనలో 26,500 టన్నుల ఉక్కు ఉంది. దాని వేలాడే కడ్డీల మొదళ్ళను తినేసింది వాహనాల బరువు కాదు, పాన్ ఉమ్మి! చివరికి ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయాల్సి వచ్చింది. (మన గోదాము మెట్ల మూలలూ ఎర్రగానే ఉండేవి. అది సింధూరం కాదు.)

అంటే ఇనుము ఆయుష్షు కాపాడేవాడి చేతిలో ఉంది. 1889లో తెరిచిన ఈఫిల్ టవర్‌కు ఇచ్చిన అనుమతి 20 ఏళ్ళకే. 1909లో విప్పేయాలి. అప్పుడూ ‘కాలం చెల్లింది’ అనేవారు ఉన్నారు. నేటికీ అది నిలిచి ఉందంటే, సుమారు ఏడేళ్ళకోసారి పైనుంచి కిందిదాకా 60 టన్నుల రంగు పూస్తున్నారు కాబట్టి. మన దగ్గర రాజమహేంద్రవరం హేవలాక్ వంతెననే చూడండి. 56 స్పాన్‌ల ఆ వంతెన 1900లో రైళ్ళకు తెరుచుకుంది. ఎన్ని వరదలు చూసిందో, ఎన్ని తరాల రైలింజన్లను మోసిందో. 1997లో విశ్రాంతినిచ్చేదాకా 97 ఏళ్ళు పనిచేసింది. గ్యాంగ్‌మన్లు సుత్తితో తట్టి, రంగు పూసి, వదులైనదాన్ని మార్చుకుంటూ నడిపారు కాబట్టే అది సాధ్యమైంది.

పోల్చి చూస్తే మండిపోయే సంగతి ఒకటుంది. 2019 జూన్ 21న ఆర్భాటంగా ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (మోసే స్తంభాలు) 2023 అక్టోబరు 21న కుంగాయి. అయిదేళ్ళు నిండలేదు. కాంక్రీటుకూ రివెట్టుకూ పోలికేమిటని అడగవచ్చు. పోలిక పదార్థాల మధ్య కాదు. కుంగిన కొత్తదాని దగ్గరికి జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ వచ్చింది, నిపుణులు వచ్చారు, విచారణ కమిషన్ వచ్చింది. రావాల్సిందే. మరి నిటారుగా నిలబడి ఉన్న పాతదాని దగ్గరికి ఒక్క ఇంజనీరు సుత్తి పట్టుకుని రాలేదేం? కూలినదానికి కమిషన్, నిలిచినదానికి కట్టరా?

ఇందులో మమ్మల్ని భయపెడుతున్నది ఒక గోదాము పోవడం కాదు. ‘కాలం చెల్లింది’ అన్న ఆ రెండు మాటలు ఇప్పుడు దారి కనుక్కున్నాయి. ఇవాళ గోదాముకు చెల్లిన సూత్రం రేపు దేనికైనా చెల్లుతుంది. నాంపల్లి స్టేషను 1907 నాటిది. కాచిగూడ 1916 నాటిది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893లో వెలిసింది. పాతబస్తీలో ఇనుప దూలాల మీద నిలిచిన మిద్దెలకు లెక్కే లేదు. వయసే నేరమైతే ఇవన్నీ దోషులే. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది కాబట్టి అది మిగిలింది. ప్రతి కట్టడానికీ కోర్టుకు పరిగెత్తే పౌరుడు దొరకడు. అందులోనూ ఇనుముకు అసలే దొరకడు. మన వారసత్వ చర్చంతా సున్నం, గచ్చు, కమానుల చుట్టూ తిరుగుతుంది. ఇనుప పందిరి అందం ఎవరికీ ఆనదు. కాంటా వేసేవాడి కంటికి మాత్రం చక్కగా ఆనుతుంది.

ఇక వేదికల మీద వినిపించే మాటలు వేరు. కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తులై మెరిసిందని చెప్పని నాయకుడు లేడు. నిజమే, నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి మూసల్లో కరిగిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఊరి మండలం పేరే కమ్మర్‌పల్లి. కొలిమి వారసులమని చెప్పుకునే ప్రభుత్వాలు కొలిమి పనిని కిలో లెక్కన అమ్ముకోవడం ఏ సంస్కృతి? ఒకచోట మ్యూజియం అంటారు, ఇంకోచోట టెండరు పిలుస్తారు. రెండు ఫైళ్ళ మీదా సంతకం చేసేది ఒకే సచివాలయం.

మరమ్మతు చేసేవారు లేరన్నది మరో సాకు. రివెట్టు కొట్టే ముఠాలు కరవైన మాట వాస్తవం. కానీ వదులైన రివెట్టు స్థానంలో రివెట్టే కొట్టాలని నియమమేమీ లేదు. తల కోసి, డ్రిల్లుతో ఊడదీసి, అధిక బిగువు బోల్టు వేయడం ప్రపంచమంతా చేస్తున్న పని. పలచబడ్డ పలక మీద కొత్త పలక కడతారు. సుత్తితో తట్టినప్పుడు అవతలి తల మీద ఆనించిన వేలికి అదురు తెలిస్తే అది వదులైనట్టు. తల చుట్టూ తుప్పు కన్నీటి చారలా కారినా అంతే. పలక మందం చెప్పే అల్ట్రాసోనిక్ పరికరం అరచేతిలో ఇముడుతుంది. రోడ్డు తవ్వి పూడ్చి మళ్ళీ తవ్వడానికి డబ్బున్న నగరంలో దీనికి లేదంటే నమ్మేదెవరు?

కోసిన ఇనుము తిరిగిరాదు. ఇండక్షన్ ఫర్నేసులో కరిగి, టీఎంటీ చువ్వలై, ఏ శివారు అపార్ట్‌మెంటు స్లాబులోనో కలిసిపోతుంది. ఆ స్లాబు ఎన్నేళ్ళు నిలుస్తుందో మాత్రం ఏ అధికారీ అడగడు.

శాఖ కార్యదర్శి వివరణ అడిగారట. వివరణలతో కడుపు నిండిన నగరమిది. కావాల్సింది ఉత్తర్వు: ఏ సర్కారు ఇనుప కట్టడాన్నైనా కోసే ముందు కొలతల పట్టిక, దాని కింద కొలిచిన ఇంజనీరు పేరు, సంతకం, తేదీ ఉండాలి. ఆ కాగితం గేటుకు అంటించి నెల రోజులు ఆగాలి. ‘కాలం చెల్లింది’ అని రాసిన చెయ్యి ఎవరిదో ముందు బయటపెట్టాలి. మిగిలిన స్తంభాలు ఇంకా ఆ ఆవరణలోనే ఉన్నాయి, చివరి లారీ ఇంకా కదలలేదు. ఇప్పటికైనా ఆ పెద్దమనుషులు కారు దిగి, సుత్తి ఒకటి అరువు తెచ్చుకుని, ఒక్క రివెట్టు తల మీదైనా కొట్టి చూడండి.