ఎప్‌కాట్ ఫుడ్ ఫెస్టివల్‌లో మనవాళ్ళు తినాల్సినవి, వదిలేయాల్సినవి

ఆగస్టు చివరికొచ్చిందంటే ఫ్లోరిడాలోని మా టాంపా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. “అమ్మానాన్నల్ని ఎప్‌కాట్ ఫుడ్ ఫెస్టివల్‌కి తీసుకెళ్తున్నాం, ఏం తినిపించాలి?” ఎప్‌కాట్ అంటే ఇక్కడి డిస్నీ వాళ్ళ పార్కు. వెంటనే ఎవరో ఒకరు ఇంగ్లీషు వీడియో లింకు పడేస్తారు. అందులో మొదట కెనడా స్టాల్‌లోని ఫిలే మిన్యోన్. అంటే గొడ్డు మాంసం. ఆ తర్వాత అదే స్టాల్‌లోని చెడార్ చీజ్ సూప్. దాంట్లో బేకన్, అంటే పంది మాంసం. ఇక హవాయి వాళ్ళ పోర్క్ స్లైడర్, అంటే పంది మాంసం పెట్టిన చిన్న బన్ను. ఊళ్ళో కోడిగుడ్డు కూడా ముట్టని మా అత్తయ్యకి ఈ జాబితా ఏ మూలకి?

తొమ్మిదేళ్ళుగా ఏటా వెళ్తున్నాను. కొన్నేళ్ళు మూడేసి సార్లు కూడా వెళ్ళాను, మాకు గంటన్నర లోపు దూరమే కాబట్టి. ఒక ఏడాది అత్తయ్య చేతికి ఆ చీజ్ సూప్ కప్పు ఇచ్చేశాను. బోర్డు మీద బేకన్ అని రాసే ఉంది, నేనే చదవలేదు. ఆవిడ వాసన చూసి “ఇందులో ఏదో ఉందే అమ్మాయ్” అని పక్కన పెట్టారు కాబట్టి సరిపోయింది. చెంచా నోట్లో పెట్టుకుని ఉంటే ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. అప్పటినుంచీ ప్రతి స్టాల్ దగ్గరా బోర్డు చివరిదాకా చదివాకే కార్డు తీస్తున్నాను. ఈ పోస్టు అందుకే రాస్తున్నాను. తెలుగిళ్ళకి పనికొచ్చే జాబితా ఒకటి ఉండాలి.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎప్‌కాట్ పార్కు 1982 అక్టోబరు 1న తెరిచారు. ఈ తిండి పండుగ 1990ల మధ్యలో మొదలైంది. చెరువు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు, అంటే ఆయా దేశాల తీరులో కట్టిన భవనాలు, శాశ్వతంగా ఉంటాయి. చుట్టూ నడిస్తే దగ్గర దగ్గర రెండు కిలోమీటర్లు. పండుగ రోజుల్లో వాటి మధ్యలో చిన్న చిన్న స్టాళ్ళు వెలుస్తాయి. ఒక్కో ప్లేటు చాలావరకు 6 నుంచి 9 డాలర్లు, రెండు మూడు ముద్దల తిండి. నలుగురు ఉన్న కుటుంబం మనిషికో ప్లేటు చొప్పున ఆరు స్టాళ్ళ దగ్గర ఆగితే దాదాపు రెండు వందల డాలర్లు. టికెట్టు, పార్కింగు వేరే. ఇంత ఖర్చు పెట్టి ఆకలితో తిరిగొచ్చిన వాళ్ళని చూశాను. అందుకే ఎంచుకోవడం తెలియాలి.

నేను ఎంచుకునే పద్ధతి మా పెదనాన్న దగ్గర నేర్చుకున్నది. ఆయన రాజమండ్రిలో పెళ్ళిళ్ళకి వంట మేస్త్రి. వెయ్యి మందికి వండేటప్పుడు ఆయన చూసేది ఒక్కటే, ఈ వంటకం రెండు గంటలు ఆగుతుందా లేదా అని. పులిహోర ఆగుతుంది. ఆగినకొద్దీ పులుపూ ఉప్పూ మెతుకుకి పడతాయి. ముక్కల పులుసు ఆగుతుంది. పనసపొట్టు కూర కూడా ఆగుతుంది. గారె ఆగదు. బజ్జీ అసలే ఆగదు. గారెలు వడ్డించాలంటే పంక్తి పక్కనే మూకుడు పెట్టించేవాడు, లేకపోతే ఆవడలు చేసేసేవాడు. పెరుగులో నానితేనే రుచి గనక దానికి ఆగడం ఒక లాభం. ఫుడ్ ఫెస్టివల్ స్టాల్ కూడా పెళ్ళి పంక్తి లాంటిదే. వచ్చేవాళ్ళు వేలల్లో, వండే చోటు ఇరుకు, ముందే చేసిన దాన్ని వేడిగా పట్టి ఉంచి వడ్డించాలి. కాబట్టి స్టాల్ ముందు నిలబడి బోర్డు చూసినప్పుడు నేను ఆలోచించేది దేశం పేరు కాదు, ఇది పులిహోర జాతా, బజ్జీ జాతా అని.

ఇలా చూస్తే నా లెక్కలో ఇన్నేళ్ళలో తిన్నవాటిలో అన్నిటికన్నా మంచిది గితేరి. ఏటా ఉండదు, ఉన్న ఏడాది మాత్రం వదలొద్దు. ఆఫ్రికా తిండి అమ్మే అవుట్‌పోస్టు అనే స్టాల్ దగ్గర దొరికేది. కెన్యాలో కికుయు వాళ్ళ ఇంటి వంట. అసలు గితేరి అంటే మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించినది. ఇక్కడి ప్లేటులో తెల్ల చిక్కుడు గింజలు, కందులు, కొబ్బరి అన్నం, పక్కన కచుంబరి. మామయ్య మొదటి ముద్ద తిని “ఇవి గుగ్గిళ్ళే కదమ్మా!” అన్నారు. నిజమే కదా. సంక్రాంతి ముందు పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని ఒలుచుకు తిన్న వాళ్ళకి ఆ కంది గింజ రుచి ఎవరూ చెప్పక్కర్లేదు. కచుంబరి అంటే టమాటా ఉల్లిపాయ ముక్కలు, మన దగ్గర కచుంబర్ అంటాం చూడండి, అదే. హిందూ మహాసముద్రానికి ఆ ఒడ్డున వాళ్ళు, ఈ ఒడ్డున మనం, పేరుతో సహా ఒకటే తింటున్నాం. కారం కూడా ఉంది. ఫ్లోరిడా పార్కులో పెద్దవాళ్ళు మిరపకాయ కోసం వెతుక్కోకుండా తిన్న ప్లేటు అదొక్కటే నాకు గుర్తు. మామయ్య రెండోది అడిగారు. ఆయన ఏదైనా రెండోసారి అడగడం అరుదు.

దీని తర్వాత బ్రెజిల్ స్టాల్‌లోని పాన్ జి కేజు, అంటే చీజు బన్నులు. చిన్న నిమ్మకాయంత ఉంటాయి. గోధుమ పిండి ఉండదు, కర్రపెండలం పిండితో చేస్తారు. తూర్పు గోదావరి వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మన సగ్గుబియ్యం వచ్చేది ఆ దుంప నుంచే. లోపల సాగుతుంటుంది, పైన పలచని పెంకు. కాకపోతే మామూలుగా గుడ్డు వేస్తారు, కాబట్టి అత్తయ్యకి కాదు, పిల్లలకి.

గ్రీస్ స్టాల్‌లో పెనం మీద కాల్చిన చీజు ముక్క, పైన తేనె, పిస్తా. నాకు చాలా ఇష్టం. పన్నీరు కంటే గట్టిగా ఉండి పంటి కింద కిర్రుమంటుంది. ఉప్పు, తీపి, పలుకు అన్నీ ఒకే ముద్దలో. ఒక్క మాట. పాలు విరిచేందుకు వాడే రెన్నెట్ కొన్ని చీజుల్లో దూడ కడుపు నుంచి తీసినది. మరీ పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. ప్రతి స్టాల్ దగ్గరా అలర్జీ వివరాల పుస్తకం పెట్టుకుంటారు, అందులో చూసి చెప్తారు. నేను ఎప్పుడడిగినా విసుక్కున్న వాళ్ళు లేరు.

శాకాహారులు బోర్డు మీద పచ్చ ఆకు గుర్తు చూసుకోండి. 2019 నుంచి డిస్నీ పార్కుల్లో ఆ గుర్తు పెడుతున్నారు. అది ఉంటే మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ లేనట్టు. మన వెజ్ కంటే ఇది ఇంకా కఠినం. గుడ్డు తినని మన పెద్దవాళ్ళకి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. ఉల్లి వెల్లుల్లి సంగతికి మాత్రం దానితో సంబంధం లేదు, అది వేరే అడగాల్సిందే.

తీపిలో ఐర్లండ్ వాళ్ళ వేడి చాక్లెట్ పుడ్డింగ్. ఏళ్ళ తరబడి వస్తోంది, రావాలి కూడా. పైన పోసే కస్టర్డ్‌లో ఐరిష్ క్రీమ్ లిక్కర్ ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి పెట్టండి. జర్మనీ యాపిల్ స్ట్రూడెల్ బాగుంటుంది. నార్వే పెవిలియన్‌లోని బేకరీలో స్కూల్ బ్రెడ్ అని ఒక బన్ను ఉంటుంది. అది పండుగ తిండి కాదు, ఏడాదంతా దొరుకుతుంది. అయినా ఆగండి. యాలకుల పిండితో చేసిన బన్ను, మధ్యలో కస్టర్డ్, పైన వేయించిన కొబ్బరి కోరు. కళ్ళు మూసుకుని వాసన చూస్తే మన బేకరీ కొబ్బరి బన్ను ముందు నిలబడినట్టుంటుంది.

పోర్క్ తినేవాళ్ళకి హవాయి స్లైడర్ మంచి బేరమే అని మా ఆయన సాక్ష్యం. గంటల తరబడి మగ్గిన మాంసం, పైన అనాసపండు చట్నీ. అదీ పులిహోర జాతే.

ఇప్పుడు వదిలేయాల్సినవి. మొదటిది, వేయించి ఉంచినది ఏదైనా. ఏ పార్కు అని చెప్పను గానీ, ఒక తిండి పండుగలో ఆలుగడ్డ వేపుడు, దాని మీద మూడు రకాల సాసులు, ఆ పైన ఏవో ఆకులు, పదకొండు డాలర్లు పెట్టి కొన్నాం. సెప్టెంబరు మధ్యాహ్నం, ఉక్కపోత, వాన పడి వెలిసింది. ఆ ముక్కలు ఉడకబెట్టిన వాటిలా వంగిపోయాయి. మా పాప ఒక్కటి తిని ఊరుకుంది. నాంపల్లి నుమాయిష్‌లో జనం ఇంతకంటే ఎక్కువే ఉంటారు. అయినా అక్కడ మిర్చి బజ్జీ బాగుంటుంది, ఎందుకంటే నూనెలోంచి తీసి నేరుగా మన చేతిలో పెడతారు. మీ కళ్ళ ముందు మూకుడు కనపడితే వేపుడు కొనండి, కనపడకపోతే వద్దు.

రెండోది రొయ్యలు. గోదావరి పిల్లగా చెప్తున్నాను, రొయ్య నిమిషాల్లో ఉడుకుతుంది, ఆ పైన ఉంచిన ప్రతి నిమిషమూ రబ్బరవుతుంది. వేడి పెట్టెలో పెట్టి వడ్డించే చోట దానికి న్యాయం జరగదు. నత్తలు పెట్టిన ఫ్రెంచి బన్ను గురించి నాకు అభిప్రాయం లేదు, తినను.

మూడోది ఫోటో కోసం పుట్టినవి. మెరిసే పొడి చల్లిన కప్‌కేకులు, గ్లాసు అంచుకి మిఠాయిలు అంటించిన పానీయాలు. వీటిలో చక్కెర తప్ప ఇంకో రుచి దొరకదు. పిల్లలు అడుగుతారు, తెలుసు. ఒకటి కొని నలుగురికీ పంచండి.

ఇక అసలు బాధ. ఇండియా స్టాల్. పండుగలో ఇండియా స్టాల్ ఉన్న ఏడాది మనవాళ్ళు మొదట పరిగెత్తేది అక్కడికే. ఆ జెండా, ఆ పేరు చూస్తే నాకూ కాలు అటే లాగుతుంది. బోర్డు మీద ఏముంటుంది? చికెన్ కుర్మా, నాన్, మామిడి లస్సీ, మద్రాస్ రెడ్ కర్రీ. ఆ కూరలో కాలీఫ్లవర్, క్యారెట్, శనగలు. మద్రాసులో నాలుగేళ్ళు చదువుకున్నాను, ఏ ఇంట్లోనూ ఏ మెస్సులోనూ ఆ పేరుతో కూర వినలేదు. మద్రాస్ కర్రీ అన్నది బ్రిటన్‌లో కర్రీ పొడి డబ్బాల మీదా రెస్టారెంటు మెనూల మీదా బతికిన పేరు. వంట చెడ్డగా ఉందని అనడం లేదు. ఇండియా చూడని వాళ్ళకి రుచి చూపించడానికి సరిపోతుంది. కానీ దోసె, ఇడ్లీ, పప్పుచారు తిని పెరిగినవాళ్ళు ఎనిమిది డాలర్లిచ్చి నాలుగు చెంచాల అన్నం మీద ఆ కూర తినడం నా దృష్టిలో ఈ పండుగలో అతి చెడ్డ ఖర్చు. డిస్నీ చోట్లలోనే మన రుచి కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంటు ఉంది. పార్కు టికెట్టు అక్కర్లేదు. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని అయిదు రకాల రొట్టెలు, నంజుకోడానికి తొమ్మిది రకాలు ఇస్తారు. వెల్లుల్లి ఊరగాయ కూడా ఉంటుంది. అత్తయ్య కడుపు నిండా తిన్నది అక్కడే.

ఆ చెరువు చుట్టూ ఉన్న పదకొండు దేశాల్లో ఇండియా లేదు. 1984లో మొరాకో, 1988లో నార్వే వచ్చాయి, ఆ తర్వాత ఇంకో దేశం చేరలేదు. “మనది ఎక్కడమ్మా?” అని మా పాప ప్రతి ఏడూ అడుగుతుంది. పెవిలియన్ కట్టడం పెద్ద మాట, కోట్ల డాలర్ల పని. స్టాల్ బోర్డు మీద మూడు పేర్లు మార్చడం అంత పని కాదు కదా. నడుస్తూ నడుస్తూ నేనూ పాపా కూర్చి పెట్టుకున్న మెనూ ఒకటుంది. పెదనాన్న లెక్కకి నిలబడేవే ఎంచుకున్నాం. పెసరట్టు నాకు ప్రాణం, అయినా తీసేశాం, ఆగదు. చింతపండు పులిహోర, వేరుశనగ గుళ్ళు దండిగా వేసి, ప్లేటు 6 డాలర్లు. పచ్చ ఆకు గుర్తు కూడా పెట్టొచ్చు. గుత్తి వంకాయ ఒక్కటి, నూనె తేలుతూ, కొంచెం అన్నం మీద. చివరికి ఆత్రేయపురం పూతరేకులు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వరి పిండి రేకు, బెల్లం, నెయ్యి, ఇంకేం లేవు. పొయ్యి అక్కర్లేదు, వేడి పెట్టె అక్కర్లేదు. ఫ్లోరిడా తేమకి మెత్తబడకుండా ఒక్కొక్కటీ విడిగా కాగితంలో చుట్టాలి, ఆ చుట్టే పని తనే చేస్తానంటోంది మా పాప.