శబ్దగ్రహణం

మా తాతయ్య కృష్ణుడి వేషం కడితే తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో "వన్స్ మోర్" అనిపించుకోకుండా ఒక్క పద్యమూ ముందుకు సాగేది కాదట. ఈ 'అట' దగ్గరే వచ్చింది చిక్కంతా. ఎందుకంటే ఆ గొంతుకి మిగిలిన సాక్ష్యం ఒకే ఒక్క క్యాసెట్. దాని గతి ఏమైందో మొన్నీమధ్యే, నలభై మంది బంధువుల మధ్య తెలిసింది.

1986 వేసవి సెలవుల్లో నాన్న కొత్త టూ-ఇన్-వన్ తెచ్చారు, రేడియో, టేపు రికార్డరు రెండూ ఉన్న పెట్టె. తాతయ్య చేత పాడిద్దామంటే ఆయన ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఆయన గ్రామఫోన్ ప్లేట్ల కాలం మనిషి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క ప్లేట్లలో ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. "అంతలో నా రాగమే తెమలదు, ఇంక పద్యం ఎక్కడ పాడను?" అనేవారు. ఇది 90 నిమిషాల క్యాసెట్టనీ, వైపుకి 45 నిమిషాలనీ నాన్న చెప్పాక కాస్త మెత్తబడ్డారు. కానీ రెండో వైపు మాత్రం పాడనన్నారు. "ప్లేటు ఫిరాయించడం మా ఇంటా వంటా లేదు" అని. మాట మార్చేవాణ్ణి అలా అనడం గ్రామఫోన్ పెట్టె దగ్గరే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం. నేనూ కాదనను.

రికార్డు చేసే ఎర్ర బటన్, ప్లే బటన్ కలిపి నొక్కడం నాన్న పని. వంటింట్లో గిన్నె చప్పుడు కాకుండా కాపలా కాయడం నా పని. పాడటం అయ్యీ అవగానే తాతయ్య అడిగింది ఒకటే, "పడిందంటావా?" అని. వెనక్కి తిప్పి వినిపిస్తే మొహం ముడుచుకున్నారు.

"ఇది నా గొంతు కాదురా. ఎవడో ముక్కుతో పాడుతున్నాడు."

మన గొంతు మనకి చెవుల్లోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది కాబట్టి మన లెక్కలో అది గంభీరంగా ఉంటుంది. మిషనుకి గాల్లో వచ్చిందే దిక్కు. ఈ సైన్సు అప్పుడు మాకెవరికీ తెలీదు. "పక్కింటివాళ్లు ఇన్నేళ్లూ వింటున్నది ఆ గొంతే" అని నాయనమ్మ మాత్రం వంటింట్లోంచి అంది.

నాన్న ఆ క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకుల్నీ పెన్ను మొనతో విరిచేశారు. అవి లేకపోతే ఎర్ర బటన్ దిగదు. "ఇక దీని మీద బ్రహ్మదేవుడు కూడా రికార్డు చెయ్యలేడు" అని, ఎక్కువసార్లు వేస్తే అరిగిపోతుందని బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టారు. బ్రహ్మదేవుడి సంగతి నాకు తెలీదు.

ఇన్నేళ్లకి తాతయ్య శతజయంతి వచ్చింది. క్యాసెట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే బాధ్యత నా నెత్తిన పడింది. "ఇక్కడ రికార్డింగ్ వాళ్లు ఎక్కడుంటారు?" అని ఆటో అతన్ని అడిగితే "డాన్సుకా సార్? ఏ ఊరి తిరనాళ్లకి?" అన్నాడు. అతని తప్పు లేదు. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసులో రికార్డంటే పొలం. కాలేజీలో రికార్డంటే పక్కవాడిది చూసి గీసిన కప్ప బొమ్మ. సినిమా హాలు దగ్గర అయితే కొట్టుకోవడానికి ఒక కారణం. మా అమ్మాయికి ఫోన్ చేసి "తాతయ్య రీలు బాగానే ఉందే" అంటే, "ఎన్ని వ్యూస్ వచ్చాయి?" అంది.

చివరికి ఒక పాత రేడియో రిపేరు కొట్టు దొరికింది. అక్కడి పెద్దాయన దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచారు. వదులైన టేపుని పెన్సిల్ దూర్చి బిగించారు. తర్వాత క్యాసెట్ అంచున, పలుకు విరిచిన గుంటలో ఏదో కనబడి, ట్వీజర్‌తో లాగారు. నాలుగు మడతలు పెట్టి కుక్కిన చాక్లెట్ కాగితం.

"ఇదెవరు పెట్టారు సార్?"

"తెలీదండీ" అన్నాను. అబద్ధం కాదు. ఆ క్షణానికి నిజంగానే గుర్తు లేదు.

ఒక నిమిషం వినిపించారు. తాతయ్య దగ్గు, గొంతు సవరింపు, హార్మోనియం శ్రుతి, రాగం మొదలు. నాకు కళ్లు చెమర్చాయి. "చాలండీ, మిగతాది అందరితో కలిసి వింటాను" అన్నాను. ఆయన క్యాసెట్ తిరుగుతుండగా వదిలేసి టీకి వెళ్లారు, నేను ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు హాల్లో పెద్ద తెర కట్టాం. పాత సినిమా టైటిల్స్ పద్ధతిలో 'గానం: తాతయ్య, శబ్దగ్రహణం: నేను' అని వేయించాను. రికార్డు చేసింది నాన్నే అయినా, పెన్‌డ్రైవ్ ఖర్చు నాది కదా. రాగం మొదలైంది. అత్తయ్య కొంగు కళ్లకి అద్దుకుంది. అంతలో 'టక్' మని చప్పుడు. తర్వాత ఓ తొమ్మిదేళ్ల పీలగొంతు.

"ఆకాశవాణి. వార్తలు. ముందుగా ముఖ్యాంశాలు. పెద్ద మామయ్యగారు నిన్న సాయంత్రం బస్సులో విచ్చేశారు. ఆయన తిరిగి వెళ్లేదాకా నెయ్యి డబ్బా అటక మీద పెట్టాలని నాయనమ్మ ఆదేశించారు. అల్లుడుగారు స్పూనుతో కాక గరిటెతో వేసుకుంటున్నట్టు విశ్వసనీయ వర్గాలు తెలిపాయి."

నేను పెన్‌డ్రైవ్ వైపు పరిగెత్తాను. మా బాబాయి నా చొక్కా పట్టుకుని ఆపి, "ఉండరా, విననీ" అన్నాడు.

"క్రీడలు. బాబాయి డిగ్రీ పరీక్ష మళ్లీ తప్పాడు. ఈ విషయం తాతయ్యకు ఇంకా తెలియదు."

చొక్కా వదిలేశాడు.

"వాతావరణం. చీర పెట్టకుండా పంపిస్తే, రాగల 24 గంటల్లో అత్తయ్య కళ్ల నుంచి ఓ మోస్తరు నుంచి భారీ వర్షం పడే అవకాశం ఉంది. వార్తలు సమాప్తం."

సమాప్తం అన్నాను గానీ, ఆపడం మర్చిపోయాను. ఫ్యాను తిరుగుతోంది. కాకి అరుస్తోంది. ఎవరో అన్నానికి పిలుస్తున్నారు. టేపు రికార్డర్‌లో చెరిపే హెడ్డు ముందుంటుంది, రాసే హెడ్డు వెనక. కొత్తది రాసేలోపే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. టేపు సెకనుకి 5 సెంటీమీటర్లు కూడా నడవదు కదా అనుకుంటాం. నలభై రెండు నిమిషాలకి లెక్క వేస్తే సుమారు 120 మీటర్లు. అంత పొడవు తాతయ్యని ఒక చాక్లెట్ కాగితంతో చెరిపేశానన్నమాట. రికార్డులో ఏం పడిందో ఏమో గానీ, ఆ రోజు నేను మాత్రం మాట పడ్డాను. నాన్న నా వైపు చూడలేదు. తెర వైపు చూసి, "శబ్దానికి గ్రహణం పట్టించినవాడి పేరు సరిగ్గానే వేశారు" అన్నారు.

ఫ్యాను చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. ఎవరికీ లేచి ఆపాలని తోచలేదు. చివర్లో మళ్లీ 'టక్' మంది. పద్యం తోక ఒకటి, పైస్థాయిలో, అయిదారు సెకన్లు. ఆ వెంటనే మామూలు గొంతుతో తాతయ్య,

"పడిందంటావా?"

టేపు అయిపోయింది. హాల్లో చప్పుడు లేదు. వెనక వరసలోంచి, ఎనభై దాటిన పెద్ద మామయ్య చేతికర్ర నేల మీద తాటించారు.

"ఏరా అల్లుడూ, వన్స్ మోర్."

"ఆ పద్యం ముక్కేనా మామయ్యా?"

"పద్యం ఎక్కడుందిరా? వార్తలు. ఆ నెయ్యి డబ్బా దగ్గర్నుంచి వెయ్యి."