మా అమ్మమ్మ మొఖానికి ఏనాడూ నిమ్మకాయ రుద్దుకోలేదు

వారం రోజుల నుంచి మా చుట్టాల గ్రూపులో, కాలనీ గ్రూపులో, చివరికి మా బిడ్డ స్కూల్ తల్లుల గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "ఏడు రోజుల్లో అద్దంలా మెరిసే చర్మం, అమ్మమ్మల కాలం నాటి రహస్యం" అని దానికి పేరు. చదవని వాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. రాత్రి నిమ్మరసంలో వంట సోడా కలిపి మొఖానికి, మెడకు రుద్దాలట. పొద్దున పసుపు ముద్ద పట్టించాలట. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగితే మచ్చలు కొట్టుకుపోతాయట. సన్‌స్క్రీన్ అంతా రసాయనమే, మన రంగుకు దాని అవసరమే లేదట. ఇవన్నీ సహజమైనవి కాబట్టి ఏ నష్టమూ ఉండదట. ఇంత చేసినా తగ్గకపోతే కింద ఒక ఫోన్ నంబరు, దానికి ఫోన్ చేస్తే ఇంట్లో తయారైన మూలికల క్రీము పంపిస్తారు, ఐదు రోజుల్లో తెల్లబడతారట.

నేను డాక్టర్ను కాదు. హన్మకొండలో ఒక మందుల షాపులో పన్నెండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఇలాంటి మెసేజ్ ఒకటి తిరిగిన రెండు మూడు వారాలకు కౌంటర్ ముందుకు వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, స్కార్ఫ్ విప్పి మొఖం చూపించే ఆడపిల్లలను చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ "సహజం కాబట్టి నష్టం లేదు" అన్న మాట తేలుద్దాం, ఎందుకంటే మిగతా మాటలన్నీ దాని మీదే నిలబడ్డాయి. పల్లెటూళ్లో పెరిగిన ఎవరినైనా అడగండి. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ సహజమే, దాని రసం ఒంటికి అంటితే బొబ్బలు లేస్తాయి. దూలగొండి కాయ సహజమే, దాని నూగు తగిలితే రక్తం వచ్చేదాకా గోక్కుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్నుకే ప్రమాదం. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది చర్మానికి తెలియదు, దానికి తెలిసింది అందులో ఏముంది, ఎంత ఉంది, ఎంతసేపు ఉంది అన్నదే. ఇంకో సంగతి, ఆ మెసేజ్‌లో సహజమని చెప్పిన వంట సోడా కూడా ఫ్యాక్టరీలో తయారయ్యే సోడియం బైకార్బోనేటే.

ఇక నిమ్మకాయ. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే జరిగింది.

పోయినేడు ఏప్రిల్‌లో మా అక్క కూతురి పెళ్లి. ఇంకో పదిహేను రోజులుందనగా షాపింగ్‌కని మా ఇంటికి వచ్చింది. పొద్దున పదింటికి నేను షాపుకు పోగానే, నిమ్మకాయ కోసి మొఖానికంతా రుద్దుకుని, ఎండలో ఆరితే ఇంకా బాగా పనిచేస్తుందని ఎవరో చెప్పారని, డాబా ఎక్కి నేను ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తూ గంటసేపు అక్కడే ఉందట. ఆ రోజు ఏమీ కాలేదు. తెల్లారి సాయంత్రానికి బుగ్గలు ఎర్రబడి మంట. మూడో రోజుకు గోధుమ రంగు మచ్చలు తేలాయి, అవి కూడా ఎట్లాగంటే, రసం కారిన దారి వెంబడే, రెండు బుగ్గల మీద నుంచి గదవ కిందిదాకా గీసినట్టు గీతలు, నిమ్మచెక్క పట్టుకున్న కుడిచేతి వేళ్ల మీద కూడా చుక్కలు. "నిమ్మకాయే కదా చిన్నమ్మా, రోజూ పప్పుల పిండుకుని తినేదే కదా, ఏమైతది అనుకున్న" అని ఏడ్చింది. వాళ్లమ్మ ఎవరిదో దిష్టి తగిలిందని నిమ్మకాయే దిగదీసింది, ఏం చెప్పాలి.

అది దిష్టి కాదు. నిమ్మలో, ముఖ్యంగా దాని తొక్కలో, ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే చర్మం కాలినట్టవుతుంది. చర్మ డాక్టర్లు దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది, మంట తగ్గినా మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. మా పిల్లకు నాలుగు నెలలు పట్టింది. మైలపోలు తీసేనాడు అందరూ పసుపు పెడుతుంటే గదవ దగ్గర ఎవరి చెయ్యి తగులుతుందోనని మెడ వెనక్కి లాక్కుంటూ కూర్చుంది, ఆ ఫొటోలు ఇప్పటికీ చూడదు.

ఎండలోకి పోకుండా రాత్రిపూట రుద్దుకుంటే మంచిదేనా అంటే అదీ కాదు. పులుపును కొలిచే లెక్కను పీహెచ్ అంటారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ ఐదుకు అటూ ఇటూ. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర. ఈ లెక్కలో ఒక్కో అంకె అంటే పది రెట్లు, అంటే నిమ్మరసం చర్మం కంటే కొన్ని వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు పుల్లన. వంట సోడా దీనికి పూర్తిగా తిరుగుడు, నీళ్లలో కలిపితే ఎనిమిది దాటుతుంది. రెండూ కలిపితే బుసబుస పొంగి గ్యాస్ పోతుంది, మిగిలేది ఒక ఉప్పు. పాళ్లు కుదరక ఏది ఎక్కువైతే అది మొఖాన్ని కాలుస్తుంది. విటమిన్ సి కోసం అంటారు. వంద గ్రాముల నిమ్మరసంలో ఉండేది సుమారు 50 మిల్లీగ్రాములు, అంటే 0.05 శాతం. చర్మానికి పనికొచ్చేలా తయారుచేసే సీరమ్‌లలో 10 నుంచి 20 శాతం పెడతారు. పులుపు అంతా తగులుతుంది, విటమిన్ మాత్రం అందదు.

మా అమ్మమ్మది పరకాల దగ్గర పల్లె. నిమ్మకాయ, చింతపండు పెట్టి ఆమె రాగి బిందెలు తోమింది, దేవుడి దగ్గరి ఇత్తడి సామాను తోమింది. మొఖానికి మాత్రం ఏనాడూ రుద్దుకోలేదు. ఆమె పేరు చెప్పుకుని ఈ మెసేజ్ తిరగడమే నాకు అన్నిటికంటే బాధగా ఉంది. ఆమె చేసింది ఏంటంటే, పండుగ పూట పెసరపిండిలో కొంచెం నూనె, చిటికెడు పసుపు కలిపి మెత్తగా నలుగు పెట్టుకోవడం, చలికాలం స్నానం కాగానే ఒంటికి నూనె రాసుకోవడం, చేనుకు పోతే కొంగు నెత్తి మీది నుంచి బుగ్గల దాకా కప్పుకోవడం. ఇందులో ఒక్కటీ చర్మాన్ని గీకేది కాదు, కాల్చేది కాదు. ఈ మూడూ ఇప్పటికీ మంచివే.

"ఏడు రోజులు" అన్నది కూడా చూడండి. చర్మం అడుగు పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ. మరి సోడా రుద్దిన రోజే మొఖం నున్నగా ఎందుకు కనిపిస్తుంది? పైపొర గీకేశాం కాబట్టి. నున్నటి దాని మీద వెలుగు బాగా పడుతుంది, మెరుపు వచ్చిందనుకుంటాం. ఆ పైపొరే లోపలి తేమను పట్టి ఉంచేది, బయటి దుమ్మును, క్రిములను ఆపేది. దాన్ని రోజూ గీకితే వారం తిరిగేసరికి సబ్బు తగిలినా మంటే.

పసుపు మీద నాకేం కోపం లేదు. పసుపు బోర్డే మన నిజామాబాద్‌లో 2025 జనవరిలో మొదలైంది, మెట్‌పల్లి, ఆర్మూర్ రైతుల చెమట అది. కానీ పసుపులో అసలు పనిచేసే కర్‌కుమిన్ సాధారణంగా మూడు శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది, అది నీళ్లలో కరగదు, చర్మంలోకి అంత సులువుగా దిగదు. నలుగులో చిటికెడు పసుపు వేరు, ముద్ద చేసి గంటలు గంటలు పెట్టుకోవడం వేరు. కొందరికి పసుపుతోనే దురద, దద్దుర్లు వస్తాయి, కాబట్టి ఏదైనా సరే ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి, వారం పాటు చూసి, ఆ తర్వాతే మొఖానికి. విడిగా అమ్మే పొడిలో మెటానిల్ ఎల్లో లాంటి రంగులు కలిపే వాళ్లున్నారు. గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కదపకుండా చూడండి, మంచి పసుపు అడుగుకు దిగి నీళ్లు లేత పసుపుగా ఉంటాయి, రంగు కలిపినదైతే నీళ్లు ముదురు పసుపుగా మారతాయి.

నీళ్ల సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. దాహానికి తగ్గట్టు తాగాలి, మన ఓరుగల్లు మే నెల ఎండల్లో ఎక్కువే తాగాలి, అది ప్రాణానికి. ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాక ఇంకా తాగితే అవి మూత్రంలో పోతాయి, మచ్చ దగ్గరికి పోయి కడగవు. కిడ్నీ, గుండె జబ్బున్న పెద్దవాళ్లకు డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమంటారు, వాళ్ల ఫోన్లకు కూడా ఈ ఐదు లీటర్ల మెసేజ్ పోతోందని గుర్తుంచుకోండి. చర్మం పొడిబారితే చేయాల్సింది స్నానం అయిన రెండు మూడు నిమిషాల్లో, ఒంటి మీద ఇంకా తడి ఉండగానే, కొబ్బరి నూనో వాజిలీనో రాయడం. మొటిమలున్న మొఖానికి మాత్రం కొబ్బరి నూనె వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

సన్‌స్క్రీన్ మన రంగుకు అవసరం లేదన్న మాటలో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ, తెల్లవాళ్లలా తొందరగా కమిలిపోము, చర్మ క్యాన్సర్ కూడా మనలో తక్కువే. కానీ అదే మెలనిన్ వల్ల ఎండ తగిలినా, మొటిమ గిల్లినా, నల్లమచ్చ మనకే తొందరగా పడుతుంది, చాలా రోజులు ఉంటుంది. మంగు మచ్చలు చూడండి, చాలామందికి కడుపుతో ఉన్నప్పుడు బుగ్గల మీద వచ్చేవి, ఎంత ఖరీదు మందు వాడినా ఎండను ఆపకపోతే మళ్లీ వస్తాయి. సన్‌స్క్రీన్ డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అని ఉండేది అది ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, సరిగ్గా రాస్తే, ఎండలో మనల్ని కమిలించే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98. కాబట్టి పెద్ద అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, సరిపడా రాయడమే ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే మొఖానికి, మెడకు సరిపోతుంది. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

అంత ఖర్చు పెట్టలేమనే వాళ్లకు నేను కౌంటర్‌లోనే చెప్తాను, కొనకండి అని. హన్మకొండ చౌరస్తాలో స్కూటీ మీద పోయే ప్రతి ఆడపిల్ల మొఖానికి చుట్టుకునే కాటన్ స్కార్ఫ్ ఉంది కదా, దగ్గరగా నేసిన ముదురు రంగు బట్ట అయితే అదే మంచి సన్‌స్క్రీన్. పత్తి ఏరే వాళ్లు, మిర్చి కోసే వాళ్లు కట్టుకునే తువ్వాల, పొడుగు చేతుల చొక్కా కూడా అంతే. పది నుంచి నాలుగు మధ్య ఎండ తప్పించుకోగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు చివర ఉన్న ఆ ఫోన్ నంబరు. నా లెక్కలో మెసేజ్ అంతా రాసింది దీని కోసమే. పేరు లేని, తయారీ తేదీ లేని, లోపల ఏముందో రాయని డబ్బా ఐదు రోజుల్లో తెల్లబరిస్తే, అందులో స్టెరాయిడో పాదరసమో ఉందని అనుమానించాలి, ఎందుకంటే ఏ ఆకు పసరుకూ ఆ వేగం లేదు. స్టెరాయిడ్ రాస్తే మొదటి వారం మొఖం నిజంగానే మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి, ఎండలోకి పోతే ఎర్రబడి, మొటిమలు లేచి, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట, అందుకని మళ్లీ రాస్తారు. ఇలా ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారనే ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. పాదరసం ఇంకా దారుణం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే, వాళ్లలో చాలామంది తెల్లబరిచే క్రీములు వాడుతున్నట్టు, వాటిలో పాదరసం ఎక్కువగా ఉన్నట్టు బయటపడింది. మొఖానికి రాసింది కిడ్నీ దాకా పోయింది. అలాంటి క్రీము ఇప్పటికే నెలల తరబడి వాడుతున్న వాళ్లుంటే సిగ్గుపడకుండా ఆ డబ్బాతో సహా చర్మ డాక్టర్ దగ్గరికి పోండి, ఎట్లా మానాలో వాళ్లే చెప్తారు.

చివరగా మెడ గురించి. మెసేజ్‌లో "మెడ మీది మురికి నలుపు పోవాలంటే సోడా, నిమ్మ గట్టిగా రుద్దాలి" అని ఉంది. మెడ వెనక, చంకల్లో, ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా మందంగా నల్లబడిందంటే చాలాసార్లు అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని, ముందు ముందు షుగర్ రావచ్చని చర్మం ఇచ్చే గుర్తు. అది సబ్బుతో పోదు, బరువు తగ్గితే, షుగర్ అదుపులోకి వస్తే మెల్లగా పలచబడుతుంది.

ఈ మెసేజ్ మా గ్రూపులో పెట్టింది మా వదిన, మంచి మనసుతోనే పెట్టింది. వాళ్ల బిడ్డకు పద్నాలుగేళ్లు, మెడ నల్లగా ఉందని రెండేళ్లుగా స్నానం చేయించినప్పుడల్లా గరుకు రాయితో రుద్దుతోంది, పిల్ల రోజూ తిట్లు తింటోంది, బడికి జుట్టు విరబోసుకుని మెడ దాచుకుని పోతోంది. నేను ఫోన్ చేసి చెప్తే ముందు నమ్మలేదు. "మా ఇంట్ల ఎవ్వరికీ షుగర్ లేదు మరదలా" అంది. మొన్న శనివారం పరీక్ష చేయించింది, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, 5.7 దాటితేనే జాగ్రత్త పడాలి. నిన్న మళ్లీ ఫోన్ చేసి, డాక్టర్ కూల్‌డ్రింకులు బంద్ పెట్టి రోజూ గంట ఆడుకోమన్నాడని చెప్పి, కాసేపు ఆగి, "ఇన్నొద్దులు ఆ పిల్ల మెడ ఊకెనే రుద్దిన కదా" అని ఏడ్చింది. మెసేజ్ గ్రూపులోంచి తీసేసింది. మిగతా గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది.