సైకిళ్లు సరే, జప్తు నోటీసు ఏది?

సముద్రపు దొంగల నిధి కోసం పిల్లలు వేటకెళ్లే హాలీవుడ్ సినిమా ‘ది గూనీస్’ 1985 జూన్ 7న విడుదలైంది. షూటింగ్ జరిగిన ఒరెగాన్ తీరపు ఊరు ఆస్టోరియాకు ఆ తేదీన అభిమానులు ఇప్పటికీ ఎగబడతారు. సినిమా మొదట్లో కనిపించే జైలు ఇప్పుడు మ్యూజియం. ఈ మోజును సొమ్ము చేసుకుందామని తర్వాత అలాంటి సినిమాలు, సిరీస్‌లు తీసినవాళ్లు దాన్నుంచి సైకిళ్లు, టార్చిలైట్లు, సింథసైజర్ సంగీతం మోసుకెళ్లారు. అసలు సరుకు వదిలేసి వెళ్లారు.

ఆ సరుకు పేరు అప్పు. గోల్ఫ్ కోర్సు కోసం పిల్లల ఇళ్లు జప్తు కాబోతున్నాయి, గడువు మర్నాడే. అటక మీద నిధి మ్యాప్ దొరకడం ఆ తర్వాతి మాట. బావి సన్నివేశం చూడండి. నిధి వెతుకుతూ పిల్లలు బావి అడుగుకు చేరతారు, పైన ఉన్న కుర్రాడు ట్రాయ్ బకెట్ దించుతాడు. ఎక్కితే అందరూ క్షేమంగా బయటపడొచ్చు. కానీ ఇళ్లు లాక్కుంటున్నది అతని తండ్రే. చివరికి బకెట్‌లో పైకి వెళ్లేది ట్రాయ్ స్వెటర్ ఒక్కటే. రాక్షసుడు తరిమితే ఎవరైనా పరిగెడతారు. బయటికి దారి ఉండి కూడా లోపలికే వెళ్లాలంటే ఇలాంటి కారణం కావాలి. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ రెండో సీజన్‌లోకి గూనీస్ హీరో షాన్ ఆస్టిన్‌ను తెచ్చుకున్నారు గానీ, ఈ లెక్క తెచ్చుకోలేదు.

రెండోది, చేత్తో కట్టిన సెట్లు. ఎముకలతో చేసిన ఆర్గన్ అనే వాద్యం ముందు ఆండీ అనే అమ్మాయి కూర్చుంటుంది. వాయించాల్సిన స్వరాలు మ్యాప్ వెనక ఉంటాయి. సరైన మెట్టు నొక్కితే తలుపు కొంచెం తెరుచుకుంటుంది, తప్పితే కాళ్ల కింద నేల ఓ ముక్క కూలుతుంది. వెనక దొంగల ముఠా. నియమం అరనిమిషంలో అర్థమవుతుంది, అందుకే ప్రతి తప్పు స్వరానికీ గుండె జారుతుంది. ఇక సినిమాలోని సముద్రపు దొంగల ఓడ ‘ఇన్ఫెర్నో’ను బర్బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో పూర్తి సైజులో కట్టారు. దర్శకుడు రిచర్డ్ డోనర్ దాన్ని షాట్ దాకా పిల్లల కంట పడనివ్వలేదు. షూటింగయ్యాక తీసుకునే నాథుడు లేక విరగ్గొట్టేశారు.

లోపాలు లేవా అంటే బోలెడు. ఆక్టోపస్ సన్నివేశం ఎడిటింగ్‌లో ఎగిరిపోయింది, ఆక్టోపస్ గురించి డేటా అనే కుర్రాడు చెప్పే డైలాగ్ మాత్రం చివర్లో అలాగే ఉండిపోయింది. చరిత్ర కూడా అంతంతమాత్రమే. దోచిన సొమ్మును లంకెబిందెల్లా పాతిపెట్టిన సముద్రపు దొంగలు అరుదు, పంచుకుని ఖర్చుపెట్టేసేవారు. ఒరెగాన్ తీరంలో నిజంగా మునిగిందని భావిస్తున్న స్పానిష్ ఓడ ‘సాంటో క్రిస్టో డి బర్గోస్’ 1693లో మనీలా నుంచి బయల్దేరిన వర్తక నౌక. అందులో ఉన్నది తేనెమైనం, చైనా పింగాణీ. దానివిగా భావించే కలప దుంగలను 2022లో మంజనీటా దగ్గరి సముద్ర గుహల్లోంచి బయటికి తీశారు.

జ్ఞాపకాల్లో మునిగేవాళ్లు దాటేసేది ఇంకోటుంది. స్నేహితులు గేటు తీయాలంటే చంక్ అనే లావుపాటి కుర్రాడు చొక్కా ఎత్తి పొట్ట ఊపాలి. డేటా యాసే ఒక జోకు. ఆ డేటాను జనం దశాబ్దాలపాటు తలుచుకుంటూనే ఉన్నారు, ఆ పాత్ర చేసిన కి హుయ్ క్వాన్ మాత్రం వేషాలు దొరక్క కెమెరా వెనక పనులకు మళ్లాడు. 2023లో అతనికి ఆస్కార్ తెచ్చిన సినిమాకు కాంట్రాక్ట్ కుదిర్చిన లాయర్ జెఫ్ కోహెన్, అంటే ఒకప్పుడు చంక్ వేషం వేసిన కుర్రాడే.